చింపేసిన అధ్యాయం గురించి అడిగిన పెద్దావిడ

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది రాజమండ్రి. ఇలాంటి కబుర్లు చెప్పే అత్తయ్యలకు మా ఇంట్లో కొదవ ఉండేది కాదు. వాళ్ళు మొదలుపెట్టగానే నేను లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. చేసే ఉద్యోగం కూడా ఇలాంటివి నమ్మనివ్వదు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చూస్తాను. ఏదైనా తేడాగా కనిపిస్తే కారణం దొరికేదాకా వదలం. దీనికి మాత్రం కారణం దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు దగ్గర్లో ఒక యూనివర్సిటీ ఉంది. దాని ప్రాంగణంలో పుస్తకాల షాపు. శనివారం సాయంత్రాలు అక్కడికి రచయితలను పిలిచి మాట్లాడిస్తారు. బయటివాళ్ళు కూడా రావచ్చు. షాపు నడిపే ఇక్బాల్ గారు తెలుగు పుస్తకాల సభలకు నన్ను సాయానికి పిలుస్తుంటారు. రచయితను పరిచయం చేయడం, ప్రశ్నలప్పుడు మైకు పట్టుకుని కుర్చీల మధ్య తిరగడం నా పని. పుస్తకాల ర్యాకులు ఓ పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. చివర్లో టీ, ఉస్మానియా బిస్కెట్లు. ఏసీ కోసం వచ్చి కూర్చునే విద్యార్థులు కొందరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళలో ఒకరిద్దరు పుస్తకం కొన్నా ఇక్బాల్ గారికి పండగే.

పోయిన వానాకాలంలో సుభద్ర గారి సభ జరిగింది. ఆవిడది అనంతపురం. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. పుప్పాలగూడలో మా పక్క అపార్ట్‌మెంటులో ఒక్కరే ఉంటారు. భర్త పోయి చాలాకాలమైంది. అరవై దాటాక రాసిన మొదటి నవల అది. మేం ఇప్పుడు ఉంటున్న చోట ఒకప్పుడు రాళ్ళు కొట్టుకుని బతికిన కుటుంబం కథ. అందులో మల్లమ్మ అనే ఆవిడ ఓ తెల్లవారుజామున పిల్లను ఎత్తుకుని ఇల్లు వదిలి పోతుంది. ఎటు పోయిందో, ఏమైందో నవలలో ఉండదు. మల్లమ్మ పూర్తిగా కల్పితం. ఆ మాట సుభద్ర గారు ఆ రోజు సభలో కూడా చెప్పారు.

ప్రసంగం బాగా సాగింది. ప్రశ్నలు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడిగాక, ఆఖరి వరుసలో ఒక పెద్దావిడ చెయ్యి ఎత్తింది. డెబ్భై పైనే ఉంటాయి. ఉతికిన నూలు చీర, గట్టిగా దువ్వి ముడేసిన జుట్టు. చేతిలో పుస్తకం లేదు. నేనే వెళ్ళి మైకు ఇచ్చాను. మైకు ఎటు పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పితే నేనే సరిచేశాను. చెయ్యి మామూలుగానే, వెచ్చగానే ఉంది.

"మల్లమ్మ ఏడికి పోయిందో రాసినవు గద. మల్ల ఎందుకు తీసేసినవమ్మా?" అని అడిగింది.

సుభద్ర గారు నవ్వారు. అది పాఠకుల ఊహకే వదిలేశానని చెప్పారు.

"వదల్లే. రాసినవు. వాన పడ్తుంటే చింతచెట్టు కింద కూసున్నదని రాసినవు. చెట్టు కింద గాదు. ఖాజాగూడ గుట్ట మీద రెండు బండల నడుమ కూసున్నది. పిల్లకు జరం. దవాఖానకు తల్లే ఆల్సెం జేసిందని రాసినవు. తల్లి ఆల్సెం జెయ్యలే. వాన ఆపింది. ఆమె మీద గా మాట ఎందుకేసినవు?"

గొంతులో కోపం లేదు. తెలిసిన పిల్లను మందలించినట్టుగా ఉంది, అంతే. కథలో లీనమైపోయిన పాఠకురాలు అనుకుని ముందు వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ సుభద్ర గారు బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇక్బాల్ గారు కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి వెనక్కి చూసేసరికి ఆఖరి వరుసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అందులో వింతేమీ లేదు. పెద్దవాళ్ళు బస్సు దొరకదని ముందే లేచి వెళ్ళిపోతుంటారు.

సుభద్ర గారిని నేనే కారులో ఇంటికి తీసుకెళ్ళాను. పుప్పాలగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఉన్నట్టుండి అన్నారు: "ఆ అధ్యాయం నిజంగానే రాసినానమ్మా. రాసిన రోజే చింపేసినా. ఎవరికీ చూపించలేదు."

తర్వాత మెల్లగా మిగతాది చెప్పారు. ఆవిడకు ఒక కూతురు ఉండేదట. రెండేళ్ళ పిల్ల. జ్వరం వచ్చింది. పొద్దునకు తగ్గుతుందిలే అని చూశారు. పొద్దునకు ఎక్కువైంది. బయలుదేరేసరికి వాన, దారిలో వంక పొంగి బస్సు ఆగిపోయింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్క చింతచెట్టు కింద కూర్చున్నారు. పిల్ల దక్కలేదు. ఆలస్యం చేసింది తానేనని అప్పటినుంచీ ఆవిడ మనసులో ఉండిపోయింది. భర్తతో కూడా ఆ మాట ఎన్నడూ అనలేదట. నలభై ఏళ్ళ తర్వాత దాన్ని మల్లమ్మకు పెట్టి రాశారు. చింతచెట్టుతో సహా. రాశాక చదువుకోలేక ముక్కలు చేసి తడిచెత్తలో కలిపేశారు.

ఇక నా అలవాటు ప్రకారం నేను వెతకడం మొదలుపెట్టాను. కంప్యూటర్లో ఏమైనా ఉండిపోయిందా అనుకుంటే, ఆవిడ రాసేది చేత్తోనే. పబ్లిషరుకు ఫోన్ చేశాను. అలాంటి భాగం తన దగ్గరికి రాలేదన్నాడు. ఇంట్లో పనిచేసే అమ్మాయిది ఒడిశా, తెలుగు చదవడం రాదు.

సభను ఇక్బాల్ గారు ఫోనులో రికార్డు చేశారు. రికార్డింగులో ఆ పెద్దావిడ గొంతు లేదని చెబుతాననుకుంటున్నారేమో. ఉంది. ప్రతి మాటా స్పష్టంగా ఉంది. కెమెరా సుభద్ర గారి వైపే ఉండటంతో మనిషి మాత్రం కనిపించదు. ఆ రోజు వచ్చినవాళ్ళలో నాకు తెలిసిన అందరినీ అడిగాను. అందరూ ఆమెను చూశారు, ఎవరికీ ఆమె తెలియదు. లోపలికి వస్తుండగా చూశామని కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

ఓ ఆదివారం పొద్దున ఇద్దరం ఖాజాగూడ వెళ్ళాం. చెరువు దగ్గర టీ అమ్మే ఆమెకు పోలికలు చెప్పి అడిగితే, "గసొంటి ముసలోళ్ళు ఊరంత ఉన్నరు. ఎవరని చెప్పాలె?" అంది. నిజమే. గుట్ట మీదికి కూడా వెళ్ళాం. అక్కడ రెండేసి బండలు కలిసిన చోట్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి దాన్ని రుజువని నేను అనను. ఒకచోట మాత్రం ఒక మనిషి పిల్లతో తడవకుండా కూర్చునేంత సందు ఉంది. సుభద్ర గారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని అందులోకి వెళ్ళి కూర్చున్నారు. నేను బయటే నిలబడ్డాను. కిందికి చూసి, "ఇక్కడినించి వానలో దిగలేరు" అన్నారు. "దిగలేరండీ, జారిపోతారు" అన్నాను. అప్పుడు ఏడ్చారు. కూతురి పేరు వసుధ అని నాకు అక్కడే చెప్పారు.

ఆ అధ్యాయం మళ్ళీ రాశారు. రెండో ముద్రణలో చేర్చారు. అందులో మల్లమ్మ బండల నడుమ కూర్చుని వాన తగ్గడం కోసం చూస్తుంది. తనను తాను తిట్టుకోదు.

నేను ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. ఆ వచ్చినావిడ దెయ్యమనీ అనను. మైకు నా చేత్తోనే ఇచ్చాను, మనిషి వెచ్చగా ఉంది. కానీ చెత్తలో కలిసిపోయిన కాగితాల మీద ఏముందో ఆమెకు తెలుసు. పైగా అందులో ఏది తప్పో కూడా తెలుసు. మొదటిదానికైనా ఎప్పటికో ఒక కారణం దొరుకుతుందేమో. రెండోదానికి ఎక్కడ వెతకాలో కూడా నాకు తెలియడం లేదు.