డబ్బాలు మారిన క్యాసెట్లు

డ్రైవరుకు మొదట పోయేవి మోకాళ్ళు, ఆ తర్వాత ఓపిక. నాకు రెండూ పోయాయి. అయినా శుక్రవారం వచ్చిందంటే అబూ హమూర్ నుంచి మెసయీద్ సముద్రం దాకా బాబాను తిప్పుకురావాల్సిందే. బాబా అంటే నేను పనిచేసే అరబ్బుల ఇంటి పెద్దాయన. కుర్రతనంలో అమెరికాలో చదువుకున్నాడు. అక్కడి నుంచి తెచ్చుకున్నది ఒక డిగ్రీ, సంచీడు క్యాసెట్లు. వాటికోసమే పాత బండిని అమ్మనివ్వడు.

పాటలన్నీ ఆయన సొంతంగా రికార్డుల నుంచి ఎక్కించుకున్నవి. క్యాసెట్టు మీద పాడినవాళ్ళ పేరు పెన్నుతో రాశాడు. డబ్బా మీద పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మ అంటించాడు. నాకు చదువు లేదు, బొమ్మలే గుర్తు. గిటారు పట్టుకున్న టోపీ ఆయన, గడ్డాల బ్యాండు, ఒకే రంగు కోట్లేసుకున్న ఐదుగురు. "రఫీక్, టోపీ" అంటే టోపీ తీసి పెట్టేవాణ్ణి. ఇరవై ఏళ్ళు విన్నా ఆ పాటలు నాకు ఎక్కలేదు, అబద్ధమెందుకు. అన్నీ ఒకేలా వినిపించేవి.

మూడేళ్ళ కింద గాలిదుమ్ముకు సంచీలోకి ఇసుక పోయింది. క్యాసెట్లన్నీ బయటికి తీసి ఒక గుడ్డ మీద, డబ్బాలు ఇంకో గుడ్డ మీద పరిచి శుభ్రంగా తుడిచాను. తుడిచాక చూస్తే ఏది దేంట్లోదో తెలియలేదు. అక్షరం రానివాడు చేసే పని అది. చేతికొచ్చినట్టు సర్దేసి ఊరుకున్నాను.

ఆ శుక్రవారం బాబా టోపీ అడిగాడు. పెడితే అందులోంచి ఎవరో గుంపుగా అరిచారు.

"ఇది టోపీయేనా?"

"టోపీయే బాబా" అని డబ్బా చూపించాను. షుగరుతో ఆయనకు చూపు తగ్గింది. బొమ్మ కనిపిస్తుంది, పెన్ను రాత కనిపించదు. కొన్ని వారాలకు అడగడమే మానేశాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర అన్నాడు: "నా బుర్ర ఖలాస్ రఫీక్. గొంతులు కూడా గుర్తుండటం లేదు."

కొడుకుతోనూ అదే అన్నాడు. కొడుకు ఆస్పత్రులు తిప్పి, ఇక శుక్రవారం షికార్లు మాన్పించాలని మొదలుపెట్టాడు.

ఆ ఇంట్లో వంట చేసే ఆమెది కోనసీమ. చర్చి పాటల పుస్తకం ముందు పెట్టి వంటింట్లో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. తెలుగు వచ్చాక ఇంగ్లీషు. అరవై రెండేళ్ళ వయసులో నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు పేరు, గడ్డాల డబ్బాలో దొరికిన క్యాసెట్టు మీదిది. అది టోపీ ఆయన పేరు. బాబా నోట వెయ్యిసార్లు విన్నదే.

ఆమెకు చెప్పాను.

"అయ్యబాబోయ్, మూడేళ్ళా! చెప్పెయ్యండి అన్నయ్యగారూ."

"చెప్తే వీసా కొట్టేసి ఇంటికి తోల్తారు మ్మా."

"తోలితే మీరు రాయచోటి పోతారు. ఆ ముసలాయన తన బుర్రలోంచి ఎక్కడికి పోతాడండీ?"

రెండు మధ్యాహ్నాలు కూర్చుని పేర్లు చదివాను. పేరు చదివినా ఏ బొమ్మో తెలియనివాటికి ఆమె ఫోన్‌లో వెతికి పెట్టింది. క్యాసెట్లన్నీ వాటి వాటి డబ్బాల్లోకి చేరాయి.

శుక్రవారం సముద్రం దగ్గర బండి ఆపి మొత్తం చెప్పాను. బాబా నా వైపు తిరిగాడు.

"హిమార్!" అన్నాడు. గాడిదా అని. ఆయన అంత గట్టిగా తిట్టి చాలా కాలమైంది. "అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది బాబా."

"మూడేళ్ళు! నీ కళ్ళ ముందే నన్ను పిచ్చివాణ్ణి చేశావు." సంచీ నా ఒళ్ళోకి తోసి, "యల్లా, కానీ, చదువు" అన్నాడు.

ఒక్కొక్కటే తీసి చదివాను. నేను తప్పు పలికితే సరిదిద్దాడు, రెండుసార్లు నవ్వాడు కూడా. టోపీ అడిగాడు, పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. నన్ను ఇంటికి పంపడం గురించి ఒక్క మాటా అనలేదు. హమ్మయ్య అనుకున్నాను.

పాట సగంలో కళ్ళు తెరిచి, "ఎవరు పాడేది?" అన్నాడు.

పేరు చదివాను. తలూపాడు. పాట అయిపోకముందే మళ్ళీ అడిగాడు. డబ్బా చూశాను, క్యాసెట్టు తీసి కూడా చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ చదివాను.