మూడు వేగాల పెట్టె ముందు నా సంగీత జ్ఞానం

తుంగభద్ర వరదలో ఎడ్లబండితో సహా కొట్టుకుపోయి, బతికి బయటపడినవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. నేను మాత్రం నడి వేసవిలో, ఏట్లో మోకాలి లోతు నీళ్లు కూడా లేని రోజుల్లో, ఒకరింటి చాప మీద కూర్చుని మునిగిపోయాను. ముంచింది ఒక గ్రామఫోను పాటల ప్లేటు. తేలుదామని ఒక పుస్తకాన్ని పట్టుకుంటే అది ఇంకా లోతుకు లాక్కుపోయింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. హగరి వ్యవసాయ క్షేత్రంలో పత్తి మొక్కల ఎత్తులు రాసుకునే గుమాస్తాని. ఆ పని నా మేధస్సుకు చాలేది కాదు. అందుకని సాయంత్రాలు స్టేషను ఎదుటి హోటల్లో రేడియో వింటూ, గ్రంథాలయంలో అట్టలు తిరగేస్తూ అభిప్రాయాలు సాగు చేసేవాణ్ణి. పుస్తకం మొత్తం చదివితే అభిప్రాయం చెప్పడానికి తీరిక ఉండదు కదా. మొదటి పేజీ, చివరి పేజీ చాలు. ఒక నవలను 'ఈ రచయితకు వానలంటే మోజు, మనుషులంటే విసుగు' అని తీసిపారేశాను. ఒక విద్వాంసుడి ఆలాపన హగరి వంతెన మీద గూడ్సుబండిలా ఉందన్నాను. వస్తూనే ఉంటుంది, పోదు. అన్నీ తెలిసినవాడూ ఏమీ తెలియనివాడూ ఉండరంటారు. మా ఆఫీసులో ఆ ఇద్దరూ నేనే.

మా మేనమామ తిమ్మారెడ్డి ఈ కీర్తిని కెంచనగుడ్డ దాకా మోసుకుపోయాడు. అక్కడ హనుమంతరెడ్డి అనే పెద్ద రైతు కూతురు సరోజ సిరుగుప్పలో చదువుకుంది, పాటలంటే ప్రాణం, పుస్తకాలంటే పిచ్చి. ఇంకేం, ఈడూ జోడూ కుదిరిందని మామ తీర్మానించి, నన్ను పిల్లను చూడ్డానికి తీసుకువెళ్లాడు. ఆ రోజు పుస్తకాల భాషలోనే మాట్లాడాలని నేను బస్సులోనే నిశ్చయించుకున్నాను.

హనుమంతరెడ్డి బళ్లారి నుంచి కొత్తగా తెప్పించిన పాటల పెట్టెను పంచలో ప్రతిష్ఠించి ఉంచాడు. సెల్లులతో ఆడేది. ప్లేటు నిమిషానికి ముప్పై మూడు, నలభై అయిదు, డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగేలా దానికి మూడు వేగాలు, అవి మార్చడానికి ఒక మీట. అలవాటుగా దాన్ని ఆడించేది కూతురే అయినా, ఆ రోజు గొప్పగా ఆయనే చేతిలోకి తీసుకున్నాడు. పేరు చెరిగిపోయిన పాత ప్లేటొకటి పెట్టి సూది దించాడు.

బావి అడుగున ఎవరో మూలుగుతున్నట్టు పాట మొదలైంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనిషి తాంబూలం వేసుకుని రావచ్చు. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు తల ఊపాలన్నది నా మొదటి సూత్రం. ఊపాను.

"ఏమప్పా, ఎట్లుండాది?" అని అడిగాడు హనుమంతరెడ్డి.

"ఈయన అరవై దాటిన విద్వాంసుడు" అన్నాను. "భార్య పోయింది. ఆ దుఃఖమే గొంతులోకి దిగింది. బతుకంతా నలిగితే గాని ఈ లోతు రాదు."

హనుమంతరెడ్డి కళ్లు తడిశాయి. పాపం, ఇంత బాధతో పాడిన ప్లేటును ఇన్నాళ్లూ వినకుండా మూల పడేశానే అని నొచ్చుకున్నాడు. మామ నా వీపు తట్టాడు. నేను ఇంకా రెచ్చిపోయి, ఈ పాట విన్నాక మిగతా ప్లేట్లన్నీ తవుడే అని తేల్చాను.

అప్పుడు లోపలినుంచి సరోజ కాఫీ లోటాలతో వచ్చింది. లోటాలు దించి, నా వైపు చూడకుండా మీటను ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పింది.

"నాయనా, ఇది డెబ్బై ఎనిమిది ప్లేటు. నువ్వు ముప్పై మూడులో పెట్టినావు."

బావిలోని ముసలాయన ఒక్క గంతులో పైకి వచ్చి ఆరేళ్ల పాప అయిపోయాడు. ఆ పాప పెరుగన్నం తినడానికి రమ్మని చిలకను పిలుస్తోంది. భార్య లేదు, దుఃఖం లేదు, నలిగిన బతుకూ లేదు. ఉన్నదల్లా చిలక.

మామ కాఫీ లోటాలోకి తొంగి చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. నా పరువు నిలబెట్టుకోవాలి. పక్కన పీట మీద గోధుమరంగు కాగితం అట్ట వేసిన లావుపాటి పుస్తకం కనిపించింది. తన కూతురు ఎప్పుడు చూసినా దాన్నే చదువుతుంటుందని హనుమంతరెడ్డి అంతకుముందే చెప్పాడు. గభాలున దాని మీద చెయ్యి వేశాను.

"ఇది నేను రెండుసార్లు చదివాను. చివర్లో ఆ చావు చూసి కన్నీళ్లు ఆగలేదు."

సరోజ గడప దాటబోతూ ఆగి తండ్రి వైపు తిరిగింది. "దాంట్లో చచ్చేది మామిడికాయలూ వంకాయలే నాయనా. అది ఊరగాయల పుస్తకం" అని చెప్పి లోపలికి పోయింది. ఈసారి గోడ అవతల ఆడవాళ్లు నవ్వారు. చాలాసేపు నవ్వారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఆ ఊళ్లో ఇక చోటు లేదనుకున్నాను. తిరుగు బస్సులో మామ నా పక్కన కూర్చోలేదు. వెనక సీటులో మిరపకాయల మూట పక్కన కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, బతికినన్నాళ్లూ పత్తి మొక్కల్నే కొలుచుకుంటూ ఒంటరిగా ఉండిపోతానని నిజంగానే దిగులుపడ్డాను. ఎందుకంటే మీట తిప్పిన ఆ చెయ్యి, నవ్వు ఆపుకున్న ఆ ముఖం నాకు అప్పటికే నచ్చేశాయి.

నాలుగో రోజు మామ ఆఫీసుకు వచ్చాడు. ముఖంలో ఏ భావమూ లేదు. పిల్ల ఒప్పుకుందని చెప్పాడు. తనకూ నమ్మకం కుదరక రెండుసార్లు అడిగాడట. ఎందుకు ఒప్పుకున్నావని తండ్రి అడిగితే ఆమె చెప్పిన జవాబు మామ ఉన్నదున్నట్టు ఒప్పజెప్పాడు:

"ప్లేటు తప్పుగా తిరుగుతాంటేనే అంత మెచ్చుకున్న్యాడు. ఇంగ నా వంటకు వంక పెడ్తాడా నాయనా?"

ఆ మీదట అగ్నిసాక్షిగా నేను చేసిన ప్రమాణాల్లో పురోహితుడికి తెలియనిది ఒకటుంది. ఏ ప్లేటైనా సరే, కడదాకా తిరిగి, సూది పైకి లేచి, పాడింది ఆడో మగో ముసలో పసిదో ఇంకొకరు చెప్పేదాకా నేను పెదవి విప్పను. అట్ట వేసిన ఏ పుస్తకం కోసమూ ఏడవను. కూరలకు మాత్రం ఈ ఒట్టు వర్తించదు. వాటిని నోట్లో పెట్టుకోకముందే మెచ్చుకుంటాను.