నవసాగరం పొగ

మా అబ్బా కళాయి పెడతాడు. పెట్టేవాడు అనాలి ఇప్పుడు, కానీ నా నోరు ఇంకా తిరగడం లేదు. పూర్ణా మార్కెట్ వెనక సందులో మా ఇల్లు. కింద ముందుగదిలో అబ్బా కొలిమి, పైన నేను, నా కూతురు, నా కుట్టుమిషను. కంచరపాలెం నుంచి కూడా ఇత్తడి బిందెలు, రాగి డేగిసాలు ఆటోల్లో వేసుకుని వచ్చేవారు. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, లోపల తగరం రాసి, నవసాగరం పొడి చల్లి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాడు. గుప్పున తెల్ల పొగ లేచేది. పొగ పోయేసరికి లోపలంతా వెండిలా మెరిసేది.

ఆ పొగను చూసే జనం అబ్బాను నమ్మేవారు. నవసాగరంలో ఉప్పు కలిపి చల్లేవాళ్లు ఉంటారు. వాళ్లకు పొగ పల్చగా వస్తుంది, కళాయి నెల తిరక్కుండా లేచిపోతుంది, గిన్నెలో కాచిన చారుకు చిలుము వాసన పడుతుంది. అందుకే పెళ్లి వంటవాళ్లు ముందు గుమ్మంలో నిలబడి పొగ చూసేవారు. దట్టంగా లేస్తే సాయిబు కల్తీ చెయ్యడని చెప్పుకుంటూ మిగతా సామానంతా దింపేవారు. చిన్నప్పుడు నేనూ వాళ్ల పక్కనే నిలబడి, ఆ పొగ నా సొంతమైనట్టు మురిసిపోయేదాన్ని.

ఇక నేను చేసిన ఘనకార్యం. నా కూతురికి ఏడేళ్లు. మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి నల్లటి పొడి పేరుకుంటుంది. ఎక్కడిదంటే గాలి తెస్తోందంటారు. గాలి ఎక్కడి నుంచి తెస్తోందో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, ఆ నల్ల పొడి మీద కాలుష్యం చూసే ఆఫీసుకి ఫిర్యాదు పెట్టాను. మొదటి సంతకం నాదే. అబ్బాకి చెప్పలేదు, ఆఫీసులతో మనకెందుకంటాడని. కింద ఆయన పెట్టే పొగ నాకు గుర్తే రాలేదు. ఒట్టు, ఒక్క క్షణం కూడా రాలేదు. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్నది. దాన్ని పొగ అనుకోవాలని ఎవరికి తోస్తుంది?

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మెట్లు దిగుతుంటే గుమ్మంలో ఇద్దరు కనిపించారు. ఒక మేడమ్, ఆమె వెనక గాలి కొలిచే మిషను పట్టుకుని ఒకాయన. ఏం కాలుస్తారు, పొగ ఏ మాత్రం వస్తుంది అని మేడమ్ మర్యాదగానే అడిగింది. అబ్బా ముఖం చేటంత అయింది. ఆయన జన్మలో పొగ గురించి అడిగిన వాళ్లంతా గిరాకీలే. వీళ్లు ఆఫీసు వాళ్లు కాబట్టి కల్తీ పట్టుకోవడానికి వచ్చారనుకున్నాడు.

“మాటలెందుకు మేడమ్‌గోరూ, సేసి సూపిత్తాను. నా కాడ దొంగ సరుకు నేదు” అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది ఏం జరగబోతోందో. వద్దని అరవాలి. నేను కింది మెట్టు దిగేలోపే అందరికంటే పెద్ద డేగిసాను కొలిమి మీదకి ఎక్కించాడు. మామూలుగా చిటికెడు చల్లే మనిషి గుప్పెడు తీశాడు. మేడమ్ దగ్గరికి వచ్చి చూస్తోందని ఇంకో గుప్పెడు వేశాడు. గది గదంతా తెల్లబడిపోయింది. మిషను కీచుమని మొత్తుకోవడం మొదలెట్టింది. మిషను పట్టుకున్నాయన దగ్గుతూ సందులోకి పరిగెత్తాడు. ఆ పొగలోంచి అబ్బా గొంతు వినిపించింది.

“సూసారా? ఇలాటి పొగ ఈ ఊర్లో ఇంకెక్కడా రాదు.”

అయ్యో నా తండ్రీ! నేను గోడకి అతుక్కుపోయాను. మేడమ్ కళ్లు తుడుచుకుని రాసుకుంది. చెడ్డ మనిషేం కాదు. ఇళ్ల మధ్య బొగ్గుల కొలిమి ఉండకూడదని, ముందు ఆయన ఊపిరితిత్తులే పాడవుతాయని నెమ్మదిగానే చెప్పింది. పొగ బాగా లేచిందన్న మురిపెంలో అబ్బా సరిగ్గా వినకుండానే అన్నిటికీ తలూపాడు. ఆమె రాసేది మెచ్చుకోలు కాగితమనుకుని, స్టాంపు కూడా వేస్తే గోడకి తగిలించుకుంటానన్నాడు. మూడో రోజు స్టాంపు ఉన్న కాగితమే తెచ్చి కొలిమికి సీలు వేశారు. కల్తీ లేదు కదా, కల్తీ లేదు కదా అని వచ్చిన ప్రతివాడినీ అడిగాడు. గాజువాక అవతల రేకుల షెడ్డు చూసుకోమని ఎవరో సలహా ఇచ్చారు. బస్సెక్కి వెళ్లి చూసి, అంత దూరం బిందె మోసుకుని ఎవరొస్తారని తిరిగొచ్చేశాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఆ వారం తెలిసింది.

తర్వాత పోస్టులో కవరు వచ్చింది. అబ్బా తనే అందుకుని ఆయాసపడుతూ పైకి తెచ్చాడు. ఆయనకి తెలుగు చదవడం రాదు.

“సదువు బేటీ, బేగి. తెరుసుకోమన్నారేటి?”

కవరు మీద పేరు నాది. మీ ఫిర్యాదుపై తనిఖీ చేశాము, మీ వీధిలో పొగకు కారణమైన కొలిమిని మూయించాము, ఫిర్యాదు పరిష్కరించబడినది. అంతే. నల్ల పొడి మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను. కావాలంటే అబద్ధం చెప్పొచ్చు, ఆయనకేం తెలుస్తుంది? నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ చదివాను. ఫిర్యాదు పెట్టింది నేనే, మొదటి సంతకం నాదే అని కూడా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

అబ్బా కుట్టుమిషను పక్కన కూలబడ్డాడు.

“మరైతే గుంటకి ఆయాసం తగ్గిందేటి?” అన్నాడు.

మనవరాలికి తగ్గిందంటే చాలు, కొలిమి పోయినా పోయిందన్నట్టు ఆశగా నా ముఖంలోకి చూస్తున్నాడు.

తగ్గలేదని చెప్పాను.