కనపడతాందా నాయనా?

ఇప్పుడామె ఎక్కడుందో తెలియదు. ముదలియార్‌పేటలో పిల్లల రోబో బొమ్మలు తయారుచేసే చిన్న షెడ్డులో నా పక్క బల్ల ఆమెది. అందరం అక్కా అనేవాళ్ళం. చప్పట్లకు కదిలే బొమ్మబండికి ఆ ఏడాది కొత్తగా కెమెరా కూడా చేర్చారు. ఎదుట చెయ్యి ఊపితే బండి ముందుకు రావాలి. అక్క ప్రతి బండి ముందూ చెయ్యి ఊపి, "కనపడతాందా నాయనా?" అని అడిగేది.

"బొమ్మ జవాబు చెప్తాదా అక్కా?" అని సూపర్‌వైజరు ఎగతాళి చేసేవాడు.

"నీకంటే మేలబ్బా, పిలిస్తే వస్తాది."

ఒకరోజు ఆమె పనికిరావని పక్కన పెట్టిన బండ్లు చూశాను. కెమెరాకు గీతలు పడకుండా అంటించే నీలం పొర తీయనేలేదు. అందుకే బండ్లు కదల్లేదు. ఆ పొర ఆమెకు కనపడలేదు.

"డాక్టరు దగ్గరికి పోదామా అక్కా?" అన్నాను మెల్లగా.

"పోయొచ్చినా పాపా. పోయిన చూపు ఇంక రాదంట. గట్టిగా అనబాక, ఈ పని పోతే ఇల్లెట్ల జరిగేది?"

ఆనాటినుంచి పొరలు నేనే ఒలిచి బండ్లు ఆమె బల్ల మీద పెట్టేదాన్ని. ఆమె వేళ్ళతో తడిమి స్క్రూలు బిగించేది. చక్రాల చప్పుడు విని బండి కదిలిందని తెలుసుకునేది.

నాకు జ్వరమొచ్చి పనికి రాని రోజు, పొర తీయని బండ్లు సూపర్‌వైజరు కంటపడ్డాయి. మర్నాడు అతను చప్పుడు చేయకుండా వచ్చి, ఆమె ముఖం ముందు చెయ్యి ఊపాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

అక్క రెప్ప వేయలేదు. చేతిలోని బండిని తన వైపు తిప్పుకుని, "కనపడతాందా నాయనా?" అంది.