మీటరు స్నానం చేస్తున్నాడు

సరస్సు ఒడ్డునున్న కిసుము పట్నంలో బడి స్వెట్టర్లు అల్లేవాళ్లు చాలామందే ఉన్నారు. అవినో వాళ్లలో ఒకతె. కిబూయే సంత వెనక రేకుల గదిలో ఆమె మిషను ఉంటుంది. నీలం మీద రెండు తెల్ల గీతలు వేస్తే ఒక బడి, ఆకుపచ్చ మీద ఒక పసుపు గీత వేస్తే ఇంకో బడి. ఆ స్వెట్టర్లు తొడుక్కుని చదివినవాళ్లు తర్వాత ఆఫీసుల్లో కూర్చుంటారు, తమ పిల్లలకి స్వెట్టరు కావలసినప్పుడు వచ్చి “ఏమ్మా, ఇంకా కాలేదా?” అని కసురుతారు. ఆమె ఎనిమిదో తరగతితో ఆపేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు, అలాగని దాచనూ దాచదు. అడిగినవాళ్లు లేరు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మాత్రం ఆ మిషను ఆగిపోతుంది. బయట ఎవరు నిలబడి పిలిచినా ఆమెకు వినపడదు.

ఆ వేళకి ఒగోల మాస్టారి ‘తలుపు’ తెరుచుకుంటుంది. ఒగోల ఊగునియాలో ఉండే రిటైరైన భూగోళం మాస్టారు. పెన్షను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఏడాదిలో, వరండాల్లో పొద్దుపోక ఈ తలుపులు కట్టడం నేర్చుకున్నాడు. ఇంటర్నెట్‌లో ఒక పేజీ, అందులో ఒక బొమ్మో, చప్పుడో, అంకెల వరసో, దాని కింద చిన్న గడి. గడిలో సరైన మాట రాస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆ బొమ్మలో ఏం దాగుందో, ఆ అంకెలు దేనివో ఎక్కడా చెప్పడు. మొంబాసా నుంచి కిటాలే దాకా నలభై మంది ఆ తలుపుల ముందు తలలు పట్టుకుంటారు. వాళ్లందరికీ ఫోనులో ఒక గుంపు, ఆ గుంపుకి ఒకటే నియమం. జవాబు తెలిసినవాడు తాళంచెవి బొమ్మ పెట్టి నోరు మూసుకోవాలి. తెలియనివాడు తెలుసుకునేదాకా వాడి ముందు ఆ ఊసెత్తకూడదు.

గుంపులో అవినో పేరు ‘మీటరు’. నిజానికి ఆ పేరు ఆమె భర్త ఒబుయాది. అతను కరెంటు మీటర్లు చూసేవాడు. ఇల్లిల్లూ తిరిగి, కుక్కలతో కరిపించుకుని, సాయంత్రం వచ్చి ఫోను ముందేసుకుని కూర్చునేవాడు. మొదటి తలుపులు ఒక్కడే తెరవబోయి ఓడిపోయాడు. ఒకరోజు బొమ్మలో ఎరుపూ తెలుపూ పూసలు వరసగా కనపడితే, “ఇదేం పూసల దండరా దేవుడా!” అని జుట్టు పీక్కున్నాడు.

అవినో మిషను మీదనుంచి తల తిప్పి చూసింది. “పూసలు కావవి. అల్లిక. మూడు ఎరుపు, ఒక తెలుపు, మళ్లీ నాలుగు ఎరుపు. వరసకి ఒక అంకె.”

“నీకెలా తెలుసు?”

“పదిహేనేళ్లుగా నేనేం చేస్తున్నాననుకున్నావ్ మరి?”

ఆ రోజునుంచి ఇద్దరూ కలిసే చూశారు. లెక్కలుంటే ఆమె, చోట్లుంటే అతను. ఫొటోలో ఒక గేటు మూల కనపడితే చాలు, “కొండేలేలో పాస్టరు ఇల్లు! మీటరు లోపల ఎడమవైపు, కుక్క కుడివైపు!” అని గంతులేసేవాడు. తెరిచాక గుంపులో గొంతు రికార్డు చేసి పంపేవాడు, ప్రగల్భాలు పలికేవాడు, అవతలివాళ్లు తిడితే విరగబడి నవ్వేవాడు. అవినో పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఆమే వద్దంది. “నలభై మంది మగాళ్ల మధ్య నన్నెందుకు లాగుతావ్?” అంది. వాళ్లలో సగం మంది ఆడవాళ్లని ఆమెకి అప్పటికి తెలియదు.

పోయిన ఏడాది ఆగస్టులో ఒబుయాకి జ్వరం వచ్చింది. మొదటి క్లినిక్కు మలేరియా అంది. రెండోది టైఫాయిడ్ అంది. మూడో చోట ఏమీ అనకముందే పోయాడు. ముప్పై తొమ్మిదేళ్లు. అతని పుట్టినూరు సెమెలో వాళ్ల ఇంటి ముందే పాతిపెట్టారు. ఆఫీసువాళ్లు ఒక దండ పంపి, మర్నాడే అతని వీధులు ఇంకొకడికి రాసిచ్చారు.

పాతిపెట్టిన రెండో శనివారం ఫోను మోగింది. గుంపులో అతుమాని. మొంబాసా ఓడరేవులో క్రేను నడుపుతాడు, ఒబుయాతో అందరికంటే ఎక్కువ పోట్లాడేవాడు అతనే. ‘ఒరేయ్ మీటరూ, ఏ బొరియలో దూరావురా? భయపడ్డావా?’ అని రాశాడు.

అవినో జరిగింది రాద్దామని ఫోను తీసింది. రాయలేకపోయింది. ఎదురుగా తలుపుంది, అందులో అంకెలున్నాయి. తెరిచి తాళంచెవి బొమ్మ పెట్టింది. వెంటనే, ‘వచ్చాడ్రా దొంగ!’ అని గుంపంతా గోల చేసింది.

ఆమె ఆ మాటను పదిసార్లు చదువుకుంది. ఇంట్లో అందరూ అతన్ని ‘పోయినాయన’ అంటున్నారు. అత్తగారు ఏడుస్తూ తలుచుకుంటుంది. ఇరుగుపొరుగు గొంతు తగ్గించి మాట్లాడతారు. లోకంలో ఒక్కచోటే అతన్ని ఇంకా ఎదురుగా ఉన్నట్టు తిడుతున్నారు. ఆ చోటు పోతే అతను పూర్తిగా పోయినట్టే.

అలా పద్నాలుగు నెలలు గడిచాయి. అతుమాని రెండుసార్లు ఫోను చేస్తే, రెండుసార్లూ “స్నానం చేస్తున్నారు” అని పెట్టేసింది.

అప్పుడు ఒగోల మాస్టారు గుంపులో రాశాడు. ‘వందో తలుపు వస్తోంది. కిసుముకొస్తాను. సరస్సు ఒడ్డున చేపలు తిందాం. రాగలిగినవాళ్లు రండి. మీటరు ఉండే ఊరు, వాడు తప్పించుకోలేడు.’

వెళ్లకపోతే ఇంటికే వస్తారు. వెళితే ఏం చెప్పాలి? మూడు రోజులు అల్లికలో తప్పులు దొర్లాయి. ఒక పిల్లవాడి స్వెట్టరుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది. చివరికి ఒక అబద్ధం తయారుచేసుకుని వెళ్లింది.

సరస్సు ఒడ్డున రేకుల షెడ్డులో ముగ్గురు కూర్చుని ఉన్నారు. చేతికర్రతో ఒగోల, గళ్ల లుంగీలో లావుపాటి అతుమాని, న్యేరి నుంచి రాత్రి బస్సులో వచ్చిన వంగేచి. ఆమె పాల డెయిరీలో గుమాస్తా.

“నేను మీటరు భార్యను,” అంది అవినో. “ఆయనకి జ్వరంగా ఉంది. మిమ్మల్ని పలకరించి రమ్మన్నారు.”

“అలాగా, అలాగా. కూర్చోమ్మా,” అన్నాడు ఒగోల.

“జ్వరాలు తిరుగుతున్నాయిలే అక్కా,” అంది వంగేచి.

ఏం జ్వరమని ఎవరూ అడగలేదు. చిన్న బొమ్మ చూపిస్తే నాలుగు వందల ప్రశ్నలు వేసే జనం.

చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చారు. వేయించి ఉల్లి, టమాటా వేసి ఉడికించిన పెద్ద తిలాపియా చేప వచ్చింది. పక్కన మొక్కజొన్న ఉగాలి ముద్ద, ఆకుకూర. ఆవిర్లు లేస్తున్నాయి. అందరూ చేపను మెచ్చుకున్నారు. చెయ్యి మాత్రం ఎవరూ పెట్టలేదు.

“తినండి మాస్టారూ,” అంది అవినో.

“పొద్దున్నించి కడుపు బాలేదమ్మా.”

“మంచినీళ్లైనా తాగండి.” గ్లాసు ముందుకు జరిపింది. ఆయన దాన్ని మర్యాదగా పక్కకి జరిపాడు.

మాస్టారు ముట్టకపోయేసరికి వంగేచి కూడా బస్సులో బ్రెడ్డు తిన్నానంది. అతుమాని కళ్లు చేప మీదే ఉన్నాయి. మెల్లగా చెయ్యి చాపాడు. బల్ల కింద ఒగోల కర్ర కదిలింది.

“అబ్బా! కాలు, మాస్టారూ!”

“కాలేనా? బల్లకోడు అనుకున్నాను.”

“బల్లకోడుకి చెప్పులుంటాయా?”

నవ్వబోయి అవినో ఆగిపోయింది. ఆ పక్కకి జరిపిన గ్లాసునే చూస్తోంది. పోయిన ఏడాది ఒబుయా పినతండ్రి ఒకాయన దూరదేశం నుంచి ఆలస్యంగా వచ్చాడు. పట్నంలో ఆమె ఇచ్చిన నీళ్లు ముట్టలేదు. వాళ్ల వైపు పెద్దవాళ్ల పద్ధతది. పాతిపెట్టేనాటికి రాలేనివాడు ముందు ఆ ఇంటికి వెళ్లి ఏడవాలి. ఆ తర్వాతే ఆ ఇంటివాళ్ల చేతి నీళ్లైనా, వాళ్లతో కూర్చుని తిండైనా.

“మాస్టారూ,” అంది. “మీకు తెలుసు.”

“ఏం తెలుసమ్మా?”

“మీది ఊగునియా. మా ఆయన వాళ్ల పద్ధతులే మీవీ. కడుపునొప్పైతే చేప వదిలేస్తారు. నీళ్లెందుకు వదిలేస్తారు?”

ఆయన తల దించుకున్నాడు. “రేడియోలో చావు కబుర్లు చదువుతారు కదా. విన్నాను. సెమె ఒబుయా, మీటర్లు చూసే ఉద్యోగి. వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుందనుకుని ఆగాను. తర్వాతి శనివారం మీటరు తలుపు తెరిచాడు. ఎవరో తెరిచారంటే, వాళ్లకది కావాలనే కదా. నోరు మూసుకున్నాను.”

“మీకూ తెలుసా?” వంగేచి దిగ్గున తిరిగింది. “నాకొక్కదానికే అనుకున్నాను! గొంతు పంపడం మానేశాడు. లెక్కలైతే చిటికెలో తెరుస్తున్నాడు, వీధులు, గేట్లు వస్తే తడబడుతున్నాడు. ముందు ఇద్దరుండేవాళ్లు, ఇప్పుడు ఒక్కరే ఉన్నారని అర్థమైంది. మాస్టారికి చెబితే మనసు కష్టపెట్టుకుంటారని చెప్పలేదు.”

ఇద్దరూ అతుమాని వైపు చూశారు. అతను చెమట తుడుచుకున్నాడు.

“రెండుసార్లు ఫోను చేశాను వదినా. రెండుసార్లూ స్నానమే అన్నారు. మొదటిసారి నమ్మాను. రెండోసారి మీ గొంతు విని… ఇక మళ్లీ చెయ్యలేదు.”

“అన్నీ తెలిసి ఆయన్ని దొంగ, వెధవ అని తిట్టావా ఇన్నాళ్లూ?” అవినోకి కోపం ముంచుకొచ్చింది. “చచ్చిపోయినవాణ్ణి!”

“తిట్టకపోతే మీకు అనుమానం వస్తుంది కదా వదినా,” అన్నాడు అతుమాని చిన్నపిల్లాడిలా. “కొన్ని రోజులు క్రేను మీద కూర్చుని ఏడ్చుకుంటూ తిట్టాను.”

చేప మీద నూనె గడ్డకడుతోంది.

“ఇక ఎవరూ పిలవరు కదా ఆయన్ని,” అంది అవినో చివరికి. “అందుకే చెప్పలేదు నేను. చెప్తే పిలవడం మానేస్తారని.”

ఒగోల కర్ర ఊతంతో లేచాడు. “అదెవరు చెప్పారు? వాడితో నాకింకా తగువులున్నాయి. సెమెకి బండి ఎక్కడ ఎక్కాలి?”

సంతలో చక్కెర, టీ పొడి కొన్నారు. వంగేచి ఒక కోడిని కొని ఒళ్లో పెట్టుకుంది. కిక్కిరిసిన మటాటు వ్యానులో అతుమాని ఒక్కడే రెండు సీట్లు ఆక్రమించి, ఆ చేపను అలా వదిలేసి రావడం గురించి దారంతా బాధపడ్డాడు.

ఇల్లు కనపడగానే ఒగోల తన కర్రని వంగేచి చేతికిచ్చాడు. అరవై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు అరిగినవాడు, వాకిట్లోకి పరుగెత్తాడు. “ఒబుయా! నా తమ్ముడా! నన్నొదిలి ఎటుపోయావురా!” అని గొంతెత్తి ఏడుస్తూ సమాధి చుట్టూ తిరిగాడు. అతుమానికి ఆ పద్ధతి తెలియదు. అయినా వెనకే పరుగెత్తాడు, సిమెంటు మీద రెండు చేతులూ వేసి కూలబడ్డాడు.

“ఒరేయ్ మీటరూ, ముప్పై ఏడో తలుపు నాకంటే ముందు తెరిచానని కోతలు కోశావు కదరా! నేనే ముందు తెరిచాను, నెట్టు పోయి బొమ్మ ఆలస్యంగా వెళ్లింది! లేచి ఒప్పుకో!”

“ఒప్పుకోడు,” అంది వంగేచి ముక్కు చీదుతూ. “వాడు ఎవరి మాటా ఒప్పుకోడు.”

అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. “ఎవరే వీళ్లు? ఆఫీసువాళ్లా?”

“కాదత్తయ్యా. ఆయన స్నేహితులు.”

“ఇంత తిడుతున్నారు?”

“అవును.”

ముసలామె కాసేపు విన్నది. “సరే, ఆ కోడిని ఇటు తెమ్మను,” అని లోపలికి వెళ్లింది.

అవినో ఎండలో అరుగు మీద కూర్చుంది. సమాధి దగ్గర ముగ్గురూ ఇంకా అతనితో పోట్లాడుతూనే ఉన్నారు, ఒక్కో తలుపూ పేరుపేరునా తవ్వుకుంటూ. ఆమె ఫోను తీసి గుంపు తెరిచింది. అవతల మిగిలిన ముప్పై ఏడు మందికి ఇంకా తెలియదు, లేదా తెలిసినా తెలియనట్టే ఉన్నారు. ఒక్కో అక్షరమూ వెతికి రాసింది.

‘మీటరు పోయిన ఏడాది ఆగస్టులో చనిపోయాడు. సెమెలో ఉన్నాడు. ఏడవాలనుకునేవాళ్లు రావచ్చు, తిట్టాలనుకునేవాళ్లూ రావచ్చు. నేను అతని భార్యను, నా పేరు అవినో. అంకెలు నేను చూసేదాన్ని.’

పంపింది. లోపలినుంచి అత్తగారు ఉగాలి కుండ పట్టుకోవడానికి రమ్మని కేకేసింది. ఫోను అరుగు మీదే పెట్టి వెళ్లింది.