సున్నపురాయి గట్టు మీద మధ్యాహ్న భోజనం

మా ఆవిడ సునీత పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి నేను అన్నం సింకు పక్కన నిలబడే తింటున్నాను. టేబుల్ దగ్గర కూర్చుంటే ప్రార్థన చెయ్యాలి. మా ఇంట్లో ఇరవై రెండేళ్లూ భోజనం ముందు ప్రార్థన చేసింది తనే. నా వంతు ఆమెన్ ఒక్కటే. టొరంటో పక్కన మిసిసాగాలో మేం వెళ్లే తెలుగు చర్చి కూడా మానేశాను. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఒకరు "బ్రదర్, మీరు ఒక చిన్న ప్రార్థన" అంటారు. ఆ మాటంటేనే నాకు భయం. వాటర్లూలో ఇంటినుంచే ఉద్యోగం కాబట్టి వారాల తరబడి నోట్లోంచి తెలుగు మాట రాదు. డాక్టరమ్మ రోజూ నడవమంది. ఇంటి చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి, అక్టోబరు చివరి మంగళవారం సెలవు పెట్టి మిల్టన్ దగ్గరున్న రాటిల్‌స్నేక్ పాయింట్ అనే కొండ పార్కుకి బయల్దేరాను. పేరు చూసి జడుసుకోకండి, నాకైతే పాము కనపడలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు కారు చూసుకోవాల్సిందే, అక్కడిదాకా బస్సు లేదు. తొమ్మిదింపావుకి బయల్దేరి 401 హైవే మీద తూర్పుగా వెళితే పది దాటిన ఐదు నిమిషాలకి చేరాను. టికెట్ మనిషికి పది డాలర్ల చిల్లర, ఏ టైముకి వస్తామో ఆన్‌లైన్లో ముందే బుక్ చేసుకోవాలి. ఆకులు ఎర్రబడే రోజుల్లో శని, ఆదివారాలు దొరకడం కష్టం. ఆకులన్నీ రాలిపోయాక వెళ్లాను కాబట్టి ఆ రోజు పార్కింగ్‌లో నా కారు కాక ఇంకొక్కటే ఉంది. దాని పక్కన అరవై దాటిన ఒకావిడ పంజాబీ డ్రెస్ మీద లావుపాటి జాకెట్ వేసుకుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. చూడగానే తెలిసిపోయింది మనవాళ్లేనని. ఇలాంటప్పుడు మనలో చాలామంది ఏం చేస్తారో నేనూ అదే చేశాను, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. ఆవిడ "గుడ్ మార్నింగ్" అంది. "గుడ్ మార్నింగ్. కోల్డ్ టుడే" అన్నాను, పుట్టి పెరిగింది ఇక్కడే అన్నట్టు. ఆవిడ నా కారు వెనకవైపు ఒకసారి చూసి, "యెస్, వెరీ కోల్డ్" అని నవ్వి ముందుకెళ్లిపోయింది. ఆ నవ్వు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

దారి తప్పే పని లేదు, చెట్ల మీద తెల్ల రంగు గుర్తులుంటాయి. మొదట కాస్త ఎక్కితే చాలు, తర్వాత గట్టు అంచునే నడక. రానూపోనూ మూడు కిలోమీటర్లు, మెల్లగా నడిస్తే గంటన్నర. కింద అంతా సున్నపురాయి. మా పిడుగురాళ్లలో ఈ రాయిని బట్టీలో కాల్చి సున్నం చేస్తారు, ఇక్కడేమో టికెట్ పెట్టి చూపిస్తారు. రాయి మధ్యలో మనిషి దిగగలిగేంత పగుళ్లున్నాయి, వాటి మీద ఆకులు కప్పేసి ఉంటాయి కాబట్టి చూసుకుని అడుగెయ్యండి. అంచున వంకర్లు తిరిగిన సెడార్ చెట్లు రాతిలోంచే పుట్టుకొచ్చాయి. గద్దల్లాంటి పెద్ద పక్షులు మన కాళ్లకంటే కిందుగా తిరుగుతుంటాయి. సునీతకి మోకాళ్ల నొప్పులు, అందుకని ప్రతి యాభై అడుగులకీ ఆగడం నాకలవాటు. ఆ రోజూ ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే దారి ఖాళీగా ఉంది. చాలా బాధేసింది. కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ నడిచాను.

అలా ఆగుతూ ఆగుతూ పదకొండున్నరకి గట్టు చివర చేరాను. కింద లోయ, దాని అవతల కోతలైపోయిన పొలాలు, ఇంకా దూరంగా సరస్సు సన్నని గీతలా కనపడతాయి. అక్కడ ఒకే ఒక్క బల్ల ఉంది, దాని మీద పార్కింగ్‌లో కనపడ్డ ఆవిడ కూర్చుని ఉంది. నేను చిన్నగా తలూపి నిలబడే అన్నం డబ్బా తీశాను.

"కూర్చోండి బ్రదర్" అంది, తెలుగులో.

నా మొహం చూసి నవ్వింది. "కారు వెనకద్దం మీద అంత పొడుగు బైబిలు వాక్యం తెలుగులో అంటించుకుని, నాతో కోల్డ్ టుడే అంటారా?"

కారు కొన్నరోజు అంటించిన స్టిక్కర్ అది. ఉందన్న సంగతే మర్చిపోయాను. సిగ్గుతో, "అది మా ఆవిడ అంటించిందండీ" అన్నాను.

"ఆవిడ రాలేదా?"

"పోయినేడు ఆగస్టులో చనిపోయిందండీ."

ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది. పేరు రత్నకుమారి గారట, రిచ్‌మండ్ హిల్‌లో కూతురి దగ్గరుంటారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. "మా అమ్మాయి ఆఫీసుకి టొరంటో డ్రైవ్ చేసుకుని వెళ్లిపోతుంది, పిల్లలు స్కూలుకి. ఇంట్లో గోడలు చూస్తూ ఎంతసేపని కూర్చుంటాను?" అంటూ చపాతీలూ బంగాళదుంప కూరా మా ఇద్దరి మధ్యా పెట్టారు. నేను నా టమాటా పచ్చడన్నం పెట్టాను. ఆవిడ చేతులు జోడించి, "ప్రార్థన చెయ్యండి బ్రదర్" అన్నారు.

ఇంతకాలం తప్పించుకున్నవాణ్ణి కొండెక్కాక దొరికిపోయాను. "నాకు రాదండీ. మా ఆవిడ చేసేది. నేను ఆమెన్ అనేవాణ్ణి."

"ఈ పూటకి ఆ ఆమెనేదో నేనంటాను. మీరు కానివ్వండి."

కళ్లు మూసుకున్నాను. తండ్రీ, ఈ భోజనానికి వందనాలు అన్నాను. తర్వాతి మాట రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి సునీత రోజూ అనే మాటే నోటికొచ్చింది, ఈ పూట తిండిలేనివాళ్లని కూడా చూడయ్యా అని. పక్కనుంచి ఆవిడ "ఆమెన్" అన్నారు, చర్చిలో చివరి వరసకి వినపడేలా. నేను కళ్లు తుడుచుకుంటుంటే చూడనట్టు, "తినండి, చపాతీ గట్టిపడిపోతుంది" అన్నారు.

ఒంటరితనం తగ్గిందని మీకు చెప్పను. తిరుగు దారిలో కూడా యాభై అడుగులకోసారి ఆగాను, ఇల్లు తాళం తీసేసరికి ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. కానీ ఇన్నాళ్లూ ప్రార్థన చెయ్యడం రాదనే అనుకున్నాను. ఆమెన్ అనే మనిషి ఉండదనేదే నా అసలు భయమని అక్కడికి వెళ్లాక తెలిసింది. మీకు ఒక్క సలహా: పైన తినడానికి ఏమీ అమ్మరు, భోజనం కట్టుకుని పన్నెండు లోపు బల్ల దగ్గరికి చేరండి, డబ్బాలో ఇంకొకరికి సరిపడా ఎక్కువ పెట్టుకోండి. ఆ సాయంత్రం టేబుల్ మీద పేర్చిన ఉత్తరాలూ కాగితాలూ తీసేసి, కంచం పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన నేనే చేశాను. కాసేపాగి, ఆమెన్ కూడా నేనే అన్నాను.