నాలుగో నంబరు బటన్

మీ ఇంట్లో మీ మాటకు ఎంత విలువ ఉంది? తడుముకోకుండా చెప్పగలరా?

ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు మడతపెట్టే ఒకామె మూడేళ్ళపాటు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది. నాలుగింట ఒక వంతు. అంతకుముందు అదీ లేదు. గోడలకు ఏ రంగు వేయించాలో భర్త తేల్చాడు. కొడుకు ఏం చదవాలో అత్తగారు తేల్చింది. ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో ఆ కొడుకు తేల్చేవాడు. ఆమె నోరు తెరిస్తే, "నువ్వుండు, నీకు తెలీదు" అని ముగ్గురిలో ఎవరో ఒకరు అందుకునేవారు.

ఆ ఇంటికి ఒకరోజు, టీవీలో ఎవరు ఏ కార్యక్రమం చూస్తున్నారో లెక్కగట్టే సంస్థవారు వచ్చి, టీవీ కింద ఒక నల్లపెట్టె అమర్చి, అరచేయంత రిమోట్ ఇచ్చి వెళ్ళారు. ఒకటో నంబరు భర్తది, రెండు అత్తగారిది, మూడు కొడుకుది, నాలుగు ఆమెది. టీవీ ముందు కూర్చునేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి ఎవరి బటన్ వారు నొక్కాలి. నాలుగు బటన్లూ ఒకే సైజులో ఉండటం ఆ ఇంట్లో ఆమె ఒక్కతే గమనించింది. పెట్టె సంగతి బయటివారికి చెప్పబోమని, చెబితే పెట్టె తీసుకుపోవచ్చని నలుగురూ కాగితం మీద సంతకాలు చేశారు.

"మీలాంటి కొన్ని వేల ఇళ్ళలో ఏం చూస్తున్నారో దాన్నిబట్టే టీవీవాళ్ళు కథలు నడుపుతారమ్మా," అన్నాడు పెట్టె బిగించిన బట్టతలాయన, చేతులు తుడుచుకుంటూ.

ఆయన మర్యాదకు అన్న మాటను ఆమె హామీగా స్వీకరించింది. కథ నచ్చితే ఊరుకునేది. నచ్చకపోతే తన బటన్‌ను రెండుసార్లు గట్టిగా నొక్కేది. అలా నొక్కమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయితే, అభ్యంతరం తెలిపే వీలు లేకుండా ఎవరైనా అభిప్రాయం అడుగుతారా? అడగరనే అనుకుంది. సభ్యసమాజం గురించి అంత మాత్రం ఆశ పెట్టుకోవడం నేరం కాదు.

బట్టల గదిలో అందరూ ఆమెను దుప్పట్ల వదిన అంటారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరవగానే ఎనిమిది గంటల సీరియల్ మీద విచారణ మొదలయ్యేది. అందులో చిన్నకోడలిని భర్త చెంపదెబ్బ కొట్టి, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే, ఆమె కిటికీ ఊచ వంచి బయటపడింది. వేరే గది అద్దెకు తీసుకుని బట్టల దుకాణం పెట్టుకుంది.

"మళ్ళీ వాడి దగ్గరికే పోతుంది చూడండి. ఆడది కదా, కరిగిపోతుంది," అనేవాడు ఆవిరి ఇస్త్రీ దగ్గర పనిచేసే మామ.

"నువ్వు కరిగితే చాలు మామా, ఆ పొట్ట కాస్త తగ్గుతుంది," అనేది వదిన. "ఆమె పోదు. నేను పోనివ్వను."

"నువ్వేమైనా రాస్తున్నావా ఆ కథ?"

"రాసేవాళ్ళకి చేరాల్సింది చేరుతుందిలే. ఎలా అని మాత్రం అడక్కండి."

ఆమె తీరు చూసి, చానల్లో ఎవరో చుట్టం ఉన్నారని అందరూ నమ్మారు. "వదినా, ఆ ఆడపడుచు నోరు మూయించమని చెప్పు," "ఆ లాయరును త్వరగా తీసుకురమ్మను," అంటూ ఎవరి అర్జీ వారు పెట్టుకునేవారు. ఆమె ఒక్కటీ మరచిపోకుండా ఇంటికి మోసుకెళ్ళి, సమయం చూసి రెండేసిసార్లు నొక్కేది.

అందరికన్నా శ్రద్ధగా వినేది అతుకుల పిల్ల. చిరిగిన దుప్పట్లకు మిషను మీద అతుకులు వేసే పాతికేళ్ళ అమ్మాయి. ఆమె ఎడమ బొటనవేలు వంగదు. మొగుడు మెలిపెట్టిన వేలది. గుడ్డను అరచేత్తో నెట్టి కుడుతుంది. పుట్టింటికి వచ్చిన మొదటి వారం తల్లి తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. చిన్నకోడలు దుకాణం పెట్టుకున్నాక ఆ తల్లే, "పోనీలే, అందరూ అలాగే బతుకుతున్నారుగా," అని కూతురికి మంచం వేసింది.

"అమ్మ నా మాట వినదు వదినా, చిన్నకోడలి మాట వింటుంది," అందా పిల్ల ఒకరోజు. "ఆమె వెనక్కి పోతే నేనూ పోవాల్సిందే."

"పోదన్నానుగా. నీకెందుకు, నేనున్నాను."

సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకు చిన్నకోడలు దుకాణానికి తాళం వేసి, భర్త ఇంటికి నడిచి వెళ్ళి, "తప్పంతా నాదేనండీ," అంది. వదిన వేలు నొప్పిపుట్టేదాకా నొక్కింది. పెట్టె మీద చిన్న దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది.

మర్నాడు మామ చప్పట్లు కొట్టాడు. "ఏం వదినా, మీ చుట్టానికి బదిలీ అయిందా?"

ఎవరూ గట్టిగా నవ్వలేదు. అతుకుల పిల్ల డబ్బా తెరవలేదు. "అమ్మ రాత్రే వాడికి ఫోన్ చేసింది," అంది తల వంచుకుని. "శనివారం వచ్చి తీసుకెళ్తాడు. నువ్వు మాటిచ్చావు కదా వదినా."

వదిన తన డబ్బా మూసేసింది. ఎవరో తనను మోసగించారు, ఎవరో తేలడం లేదు.

గురువారం సాయంత్రం బట్టతలాయన తనంతట తానే వచ్చాడు. "మీ ఇంట్లో నాలుగో నంబరు ఊరికే లేస్తోంది, కూర్చుంటోంది. రిమోట్ పాడైందేమో చూద్దామని వచ్చాను."

"పాడవలేదు. నచ్చనప్పుడు రెండుసార్లు నొక్కాను."

"అమ్మా, రెండుసార్లు నొక్కితే మీరు లేచి వెళ్ళి, ఉండలేక మళ్ళీ వచ్చి కూర్చున్నారని లెక్క."

"నచ్చలేదని చెప్పడానికి ఏది నొక్కాలి?"

"అది లేదమ్మా. చూశారా, చూడలేదా, అంతే." ఆయన ఫోన్లో గీతలు చూపించాడు. "ఇదిగో, ఆ చిన్నకోడలిని కొట్టిన రోజు. ఒక్కరూ కదల్లేదు. గదిలో పెట్టినప్పుడూ అంతే. దుకాణం పెట్టుకుని సుఖంగా ఉన్న రెండు నెలలూ చూడండి, చూసేవాళ్ళ లెక్క పడిపోయింది. మీరూ లేరు."

ఆమెకు గుర్తుంది. ఆ రెండు నెలలూ, ఇక చిన్నకోడలికి ఫర్వాలేదన్న నిశ్చింతతో లేచి, నిజాయతీగా బటన్ నొక్కి, వంటింట్లో పని చూసుకుంది. అన్ని ఇళ్ళలోనూ తనలాంటివారు అదే చేసి ఉంటారు. ఆ నిశ్చింతే చిన్నకోడలిని వెనక్కి నడిపించింది.

"అయితే ఆమెను వాడి దగ్గరికి పంపింది మేమేనా?"

"నేను మిషన్లు బిగించేవాణ్ణమ్మా," అని ఆయన సంచీ సర్దుకున్నాడు.

ఆయన వెళ్ళాక భర్త నవ్వాపుకోలేకపోయాడు. "మూడేళ్ళు పెట్టెతో పోట్లాడావన్నమాట!"

"అవును," అంది ఆమె. "రేపు పని అవగానే అతుకుల పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఈ పెట్టె సంగతి మొత్తం చెప్తాను. ఆ కోడలు వెనక్కి పోయింది బుద్ధొచ్చి కాదు, మనం దెబ్బలు చూస్తూ కూర్చున్నందుకని చెప్తాను."

"సంతకం పెట్టావే!" అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "పెట్టె పట్టుకుపోతారు."

"పట్టుకుపోనీండి అత్తయ్యా."

"ఆవిడ నమ్మకపోతే?" అన్నాడు కొడుకు.

ఆమె అప్పటిదాకా అంత దూరం ఆలోచించలేదు. ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నమ్మకపోతే ఆ పిల్లను ఇక్కడికి తీసుకొస్తాను. ముందుగదిలో ఉంటుంది. నువ్వు నీ పుస్తకాలు లోపల పెట్టుకో."